ఇప్పటి కార్లన్నీ మొహం చిట్లించుకుని ఉంటాయెందుకు?

తెనాలి_వాసు

పోయిన వారం అపార్టుమెంటు పార్కింగులో ఎవరో బైకు హ్యాండిల్‌తో నా కారు హెడ్‌లైటు గీరేసి పోయారు. గ్లాసుకి వెంట్రుకంత బీట. షోరూముకి తీసుకెళ్తే "గ్లాసొక్కటే రాదు సార్, మొత్తం సెట్టు మార్చాలి" అన్నారు. ఒక్క వైపుకి 38 వేలు, మజూరీ వేరే. ఆ ఎస్టిమేటు కాగితం చేత్తో పట్టుకుని, రెండేళ్లుగా రోజూ ఎక్కి దిగుతున్న ఆ కారు మొహాన్ని మొదటిసారి తేరిపార చూశాను. అసలు లైట్లు బంపర్లో ఎక్కడో మోకాళ్ల దగ్గరున్నాయి. పైన కనుబొమ్మల్లాగా రెండు సన్న గీతలు. మధ్యలో వంటింటి చిమ్నీ జాలీ అంత గ్రిల్. ఎవరి మీదో కేసు పెట్టడానికి స్టేషన్‌కి బయల్దేరినట్టుంది.

ఆదివారం తెనాలి వెళ్లాను. షెడ్డులో నాన్నగారి 86 మోడల్ ప్రీమియర్ పద్మిని కారు. అది కదిలి తొమ్మిదేళ్లయింది. పైన కప్పిన పాత దుప్పటి తీశాను. గుండ్రటి రెండు లైట్లు, పక్కన పొడుగ్గా ఒకే ఒక్క స్టీలు పట్టీ, అంతే. తలుపు తీసి కూర్చుంటే వేలు లావుండే సన్నటి స్టీరింగ్. ముందు తలుపుకున్న ముక్కోణపు చిన్న అద్దం ఉంటుంది చూడండి, దాని కొక్కెం నొక్కి తిప్పితే ఇప్పటికీ తిరిగింది. చిన్నప్పుడు ఆ అద్దాన్ని నా వైపు తిప్పుకుని గాలంతా నేనే తినేసేవాణ్ణి.

నాకు వయసు మీద పడి ఇలా అనిపిస్తోందా, లేక నిజంగానే కార్లకి కళ పోయిందా?

మిర్చీబజ్జీ

మీది కేసు పెట్టడానికి వెళ్తున్నట్టుందా? మా బావగారిది కేసు ఓడిపోయి వస్తున్నట్టుంటుంది.

ఓరుగల్లు_పోరడు

వాసన్నా, నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా పెద్దనాయనకు అంబాసిడర్ ఉండె. బొద్దుగ, గుండ్రంగ, మస్తు మర్యాదగ ఉంటుండె. ఊళ్లెకొస్తే ఎవరో పెద్దమనిషొచ్చినట్టే. ఇప్పుడు మా గల్లీల 12 కార్లుంటయి. రాత్రిపూట ముంగటికెళ్లి చూస్తే ఏది ఏ కంపెనీదో పేరు సదివితే గాని తెల్వదు. వెనకకెళ్లి చూస్తె అన్నిటికీ ఈ కొస నుంచి ఆ కొసకు ఎర్ర లైటు పట్టీ.

చౌమహల్లా ప్యాలెస్‌ల నిజాం పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, 1912 నాటిది. ఎన్నడన్న పోతే దాని ముంగట ఐదు నిమిషాలు నిలబడున్రి. నూరేండ్ల కింది బండి, ఇప్పటికీ మనిషి ఆగి చూస్తడు. గిప్పటి బండిని నూరేండ్లకు ఎవడన్న ఆగి చూస్తడా?

లెక్కల_మాస్టారు

ఓరుగల్లు బాబూ, నిజాం కారుకీ మన కార్లకీ పోలికేంటి? ఆ రోజుల్లో కంపెనీ ఇంజనూ ఛాసీ ఇస్తే బాడీని వేరే పనివాళ్లు చేత్తో కట్టేవారు. అది కారు కాదు, చక్రాల మీద పల్లకీ.

ఇక అంబాసిడర్ సంగతి. నాకు 66 ఏళ్లు, దాన్ని 14 ఏళ్లు నడిపాను. మీకు అందంగా కనిపిస్తున్నది అందం కాదు, అలవాటు. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే కారు, దాని అచ్చులు తెచ్చి 50ల చివర్లో బెంగాల్లోని ఉత్తరపారాలో మొదలుపెట్టారు. 2014లో ఆపారు. మధ్యలో మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా అని పేర్లు మార్చి, గ్రిల్ మార్చి, కొత్త మోడల్ అన్నారు. పెళ్లికూతురికి బొట్టు మార్చి కొత్త పెళ్లికూతురన్నట్టు. యాభై ఏళ్లపాటు ఒకే మొహం చూపిస్తే ఎవరైనా చూడగా చూడగా ముద్దొస్తారు.

పైగా మనకి ఎంచుకునే వీలేదీ? అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్. డబ్బు కట్టి ఏళ్ల తరబడి కూర్చోవాలి. కారు ఇంటికొచ్చిన రోజున ఎలా ఉన్నా అందంగానే ఉంటుంది నాయనా.

స్టెప్నీ

మాస్టారు ఎంట్రీ ఇచ్చారు. ఇక ఈ చర్చ పది పేజీలు.

తెనాలి_వాసు

మాస్టారూ, అలవాటే అయితే నాకు మారుతీ 800 కూడా అందంగా కనపడాలి కదా. దాన్ని పద్మిని కంటే ఎక్కువ చూశాను. ముచ్చటగా ఉంటుందంటాను గానీ అందం అనను. అదే స్టాండర్డ్ హెరాల్డ్‌ని నేను మొత్తం మీద నాలుగైదుసార్లు చూసి ఉంటాను. బందరులో ఒక డాక్టరుగారికి ఉండేది. రెండే తలుపులు, వెనక చిన్న రెక్కలు. దాన్ని గీసింది మికెలోట్టి అనే ఇటలీ ఆయనని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. తెలియక ముందే బాగుందనిపించింది. అలవాటు ఎక్కడుంది ఇందులో?

అందరూ పాత కార్లే అనుకుంటారేమో, 98లో వచ్చిన మాటిజ్ కూడా నాకిష్టం. అదీ ఇటలీ గీతే, జ్యుజారో కంపెనీది. చిన్న కారు, కానీ నవ్వుతున్నట్టుండేది.

ఆటోనగర్_రాజు

బెజవాడ ఆటోనగర్‌లో మా నాన్న పెట్టిన షెడ్డు, ఇప్పుడు నేను చూసుకుంటున్నా. అందం గురించి నాకు తెలీదు, రేకు గురించి చెప్తా.

వాసుగారి హెడ్‌లైటు 38 వేలా, ఆశ్చర్యం లేదు. వారానికి రెండు అలాంటివి వస్తాయి నా దగ్గరికి, గ్లాసు అతికించగలవా రాజూ అని. అతికిస్తే లోపల చెమ్మ పడుతుంది, నెలకి మళ్లీ వస్తారు. పాత రోజుల్లో జీపుకీ అంబాసిడర్‌కీ ఫియట్‌కీ లారీకీ ఒకటే గుండ్రటి లైటు, ఏడంగుళాలది. ఒంగోలు దగ్గర రాత్రి లైటు పగిలిందనుకోండి, హైవే పక్కన లారీల సామాన్ల కొట్టు తెరిపించి అదే లైటు కొనుక్కుని, స్క్రూడ్రైవర్‌తో బిగించుకుని వెళ్లిపోయేవాళ్లు.

ఇంకోటి. పాత రేకు మందం. సొట్ట పడితే లోపల దిమ్మె పెట్టి బయట సుత్తితో కొడితే మళ్లీ యథాస్థానానికి వచ్చేది. మా నాన్న చెయ్యి పెట్టి నిమిరి చెప్పేవాడు ఎక్కడ ఎత్తుందో, కళ్లు మూసుకుని. ఇప్పుడు తలుపుల నిండా కత్తి అంచుల్లాంటి మడతలు. మడత మీద సొట్ట పడితే ఎంత కొట్టినా ఆ గీత తిన్నగా రాదు. కస్టమర్ ఎండలో పక్కకి వంగి చూసి "రాజూ, వంకర కనపడుతోంది" అంటాడు. కనపడుతుంది మరి.

సీతమ్మధార_లక్ష్మి

రాజుగారి పోస్టు దాచుకుంటున్నాను. నిమిరి చెప్పడం అనే మాట దగ్గర ఆగిపోయాను.

గుద్దుడు_ఇంజనీరు

పేరు చూసి కంగారుపడకండి. చెన్నైలో కార్ల ఢీకొట్టుడు పరీక్షల్ని కంప్యూటర్లో చేయడం నా ఉద్యోగం. డిజైనర్లు గీసిన బొమ్మని పాడుచేసేది మేమేనని వాళ్లు తిడుతుంటారు, కాబట్టి మా వైపు మాట కూడా వినండి.

వాసుగారి కారు ముక్కు అంత మొద్దుగా, ఎత్తుగా ఎందుకుందో తెలుసా? రోడ్డు మీద నడిచే మనిషి కోసం. కారు తగిలితే మనిషి తల వచ్చి బానెట్టు మీద పడుతుంది. బానెట్టు రేకు లోపలికి నలిగితే ప్రాణం దక్కచ్చు. కానీ రేకు కింద వెంటనే ఇంజన్ ఉంటే తల పోయి ఇనపదిమ్మకి కొట్టుకుంటుంది. అందుకని రేకుకీ ఇంజన్‌కీ మధ్య ఖాళీ వదలాలి. ఖాళీ వదిలితే బానెట్టు పైకి లేస్తుంది. బానెట్టు లేస్తే కిటికీల గీత లేస్తుంది, దానికి తగ్గట్టు చక్రాలు పెద్దవి చేయాలి, లేకపోతే ఏనుగుకి మేక కాళ్లు పెట్టినట్టుంటుంది. యూరప్‌లో కార్ల భద్రతకి మార్కులేసే యూరో ఎన్‌క్యాప్ వాళ్లు 1997 నుంచే ఈ పాదచారుల పరీక్ష చేస్తున్నారు, 2003లో యూరప్‌లో చట్టమే తెచ్చారు. తర్వాత మన దగ్గరా నిబంధన వచ్చింది. జాగ్వార్ బానెట్టు మీద దూకే చిరుతబొమ్మ పోవడానికీ, రోల్స్ రాయిస్ బొమ్మ ముట్టుకోగానే లోపలికి దిగిపోవడానికీ కారణం ఇదే.

రాజుగారన్న మడతల సంగతి. రేకు పలచబడింది, గట్టిదనం పెరిగింది. పలచటి రేకుని చదునుగా వదిలేస్తే నూనెడబ్బా మూతలా టకటకమంటుంది. మడత వేస్తే బిగుసుకుంటుంది. అవసరానికి ఒక మడత చాలు. మిగతా నాలుగు మాత్రం డిజైనర్ సరదా.

ఇక గాలి. పాత కార్లే గాలిని చీల్చుకుపోయేలా కనపడతాయి గానీ చాలావరకు అది కంటికే. 1961 జాగ్వార్ ఈ టైప్ కంటే అందమైన కారు లేదంటారు కదా, దాని గాలి నిరోధం అంకె (ఎంత తక్కువైతే అంత మేలు) 0.44 దాకా ఉంటుంది. ఇప్పటి మెర్సిడెస్ ఈక్యూఎస్ 0.20. సగం కూడా లేదు. కానీ ఈక్యూఎస్‌ని చూస్తే స్నానాలగదిలో అరిగిపోయిన సబ్బుబిళ్ల గుర్తొస్తుంది. ఏం చేస్తాం, గాలికి ఇష్టమైన ఆకారం సబ్బుబిళ్లే.

అయితే ఒకటి ఒప్పుకుంటాను. ఎత్తు చట్టం తెచ్చింది, లావు చట్టం తెచ్చింది. ఆ కోపం మాత్రం ఏ చట్టమూ తేలేదు. ఏ నిబంధనలోనూ లైటు ముక్కు వైపుకి వాలి ఉండాలని రాసిలేదు. అది అమ్మకాల వాళ్లు అడిగి గీయించుకున్నది.

మిర్చీబజ్జీ

అంటే కారు గుద్దేముందు కోపంగా చూస్తుంది, గుద్దాక మెత్తగా పట్టుకుంటుంది. మా నాన్న టైపు.

ఓరుగల్లు_పోరడు

😂😂 బజ్జీ అన్నా

తెనాలి_వాసు

గుద్దుడుగారూ, థాంక్స్. చివరి పేరా కోసమే ఈ చర్చ మొదలుపెట్టానేమో అనిపిస్తోంది. ఎవరు అడుగుతున్నారు ఈ కోపం?

గుద్దుడు_ఇంజనీరు

మనమే. రోడ్డు మీద వెనక నుంచి వస్తుంటే ముందు కారు వాడు అద్దంలో చూసి తప్పుకోవాలట. సర్వేల్లో జనం వాడే మాట "దర్జా", "రోడ్ ప్రెజెన్స్".

సీమ_బిడ్డ

మాది పెనుకొండ పక్కన పల్లె. 2019లో కియా ఫ్యాక్టరీలో కార్లు మొదలైనప్పటి నుంచి రోజూ ట్రక్కుల మీద కొత్తబండ్లు పోతాంటే చూస్తాండా. మీరు ఏమన్నా అనుకోండి, నాకు కొత్తవే బాగుంటాయి.

మా నాయన ఇరవై ఏండ్లు అద్దె కారు తోలినాడు. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. మే నెల్లో కదిరి నుంచి తిరుపతికి పోయొస్తే చొక్కా పిండితే నీళ్లు కారేవి. రెండు భుజాలూ పట్టేసేవి, మాయమ్మ ఆవనూనె రాస్తాండె. వెనక సీట్లో కూర్చున్న దొరలకు ఆ కారు అందంగా ఉండె. తోలేటోనికి ఏం అందం? ఈ వాసన్న గూడా చిన్నప్పుడు గాలి తిన్నాడంట, తోలింది మాత్రం వాళ్ల నాయనే కదా.

కోపంగా ఉంటే ఉండనీ. మా ఊళ్లో పిల్లోళ్లకు అదే కావాల. మాకు ఇన్నేండ్లకు కోపంగా కనపడే అవకాశం వచ్చింది.

స్టెప్నీ

ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన ఉత్తమ వాక్యం సీమ బిడ్డ చివరి లైను. ఓటింగ్ పూర్తయింది.

తెనాలి_వాసు

సీమ బిడ్డ, దెబ్బ గట్టిగానే తగిలింది. ఒప్పుకుంటున్నాను, మా నాన్నకి భుజం నొప్పి ఉండేది. దానికీ కారుకీ సంబంధం ఉందని ఇప్పటిదాకా అనుకోలేదు.

సీతమ్మధార_లక్ష్మి

నాకు లైట్ల కోపంతో పేచీ లేదు, కిటికీలతో ఉంది. మా అమ్మాయికి ఆరేళ్లు. కొత్త కారులో అరకు ఘాట్ ఎక్కితే శివలింగపురం దాటేలోపు వాంతి. కవర్లు, నిమ్మకాయ, మాత్ర, అన్నీ అయ్యాయి. ఒకరోజు దాని పక్కన నేనూ కిందికి జారి దాని ఎత్తులో కూర్చుని చూశాను. ఏమీ కనపడదు! తలుపు గోడలా ఉంది. వెనక కిటికీ గీత పైకి వాలుతూ పోయి చివర్లో అద్దం నా అరచెయ్యంత మిగిలింది. పిల్లకి కనపడేది ముందు సీటు వీపు, పైన ఆకాశం ముక్క.

మా నాన్నగారి కారులో కిటికీ మా ఒళ్లోకి ఉండేది. మోచెయ్యి బయట పెట్టి పొలాలు లెక్కపెట్టేవాళ్లం. మాకెవరికీ వాంతులు గుర్తులేవు. చీర కట్టుకుని ఎక్కడం దిగడం కూడా ఎంత సుళువో. సోఫాలో కూర్చున్నట్టు కూర్చుని కాళ్లు లోపల పెట్టుకోవడమే. ఇప్పుడు కొన్నిటికి ఎక్కాలంటే కుచ్చిళ్లు ఎత్తి పట్టుకోవాలి.

గుద్దుడు_ఇంజనీరు

లక్ష్మిగారూ, కడుపులో తిప్పడానికి అదే కారణం కావచ్చు. చెవి లోపలి భాగం కదులుతున్నామంటుంది, కన్ను కదలట్లేదంటుంది. దూరంగా కొండో చెట్టో కనపడితే రెంటికీ రాజీ కుదురుతుంది. పిల్లల కోసం అమ్మే ఎత్తు సీటు వేసి చూడండి, కిటికీ అందుతుంది. భద్రతకి కూడా ఆ వయసుకి అది ఉండాల్సిందే.

తలుపు గోడలా ఉండటం పక్క నుంచి గుద్దితే ఆపడానికి కొంత. అద్దం అరచెయ్యంత చేయడం మాత్రం ఫ్యాషన్. బయటి నుంచి చూస్తే బిగువుగా, పులి దూకబోతున్నట్టుంటుందని. లోపల కూర్చున్నవాళ్లని ఎవరూ అడగలేదు. 1991 టాటా సియెర్రా గుర్తుందా? వెనక పక్క కిటికీ అద్దం పైకప్పులోకి వంగి ఉండేది. అలాంటి అద్దం ఈ రోజుల్లో గీసి తెస్తే మా మీటింగులో నలుగురికి నలుగురూ వద్దనే అంటారు, అందులో నేనొకణ్ణి. ఎండకి ఏసీ చాలదు.

లెక్కల_మాస్టారు

నేను పాత కార్లని తిట్టాను కాబట్టి వాటి తరఫున ఒక లెక్క చెప్పి బాకీ తీర్చుకుంటాను.

2006 బడ్జెట్‌లో చిన్న కార్లకి ఎక్సైజు పన్ను 24 శాతం నుంచి 16కి దించారు. చిన్న కారంటే పొడవు 4 మీటర్లలోపు, పెట్రోలు ఇంజనైతే 1200 సీసీలోపు, డీజిలైతే 1500. ఆ గీత గీసిన రోజు నుంచి మన దేశంలో కార్ల రూపం మారిపోయింది. మామూలు సెడాన్ వెనక డిక్కీని కత్తిరించి 3,995 మిల్లీమీటర్ల దగ్గర ఆపడం మొదలైంది. వెనక నుంచి ఎవరో నెడితే డిక్కీ వెన్నులోకి దిగిపోయినట్టుండేవి కొన్ని. పేర్లు చెప్పను, మీ ఇళ్లలోనే ఉంటాయి. నిరుడు సెప్టెంబరులో జీఎస్టీ మార్చారు కదా, చిన్నవాటికి 18, మిగతావాటికి 40. ఇప్పుడూ అదే 4 మీటర్ల గీత.

ఇంతకీ లెక్క ఏమిటంటే, వాసు వాళ్ల నాన్నగారి పద్మిని పొడవెంత? దాదాపు 3.9 మీటర్లు! డిక్కీతో సహా. ఎవరూ కత్తిరించలేదు, ఏ పన్నూ అడగలేదు. నాలుగు మీటర్లలోపు మూడు పెట్టెల కారు (ముందు ఇంజను, మధ్యలో మనుషులు, వెనక డిక్కీ) పొందిగ్గా ఉండొచ్చని 60ల నాటికే తేలిపోయింది.

తెనాలి_వాసు

మాస్టారూ!!! ఇదే నేను చెప్పలేకపోయింది.

గుద్దుడు_ఇంజనీరు

లెక్క కరెక్టే మాస్టారూ, కానీ ఒక కొలత వదిలేశారు. పద్మిని వెడల్పు 1.46 మీటర్లు. ఇప్పటి సబ్ 4 మీటర్ సెడాన్ 1.7 పైమాటే. పొడవు అంతే ఉంచి వెడల్పు, ఎత్తు పెంచితే ఏ వస్తువైనా గుజ్జుగా కనపడుతుంది. పద్మిని సన్నగా ఉంది కాబట్టి పొడుగ్గా అనిపిస్తుంది. ఆ సన్నదనం ఎక్కణ్ణించి వచ్చింది? తలుపు లోపల ఏమీ లేకపోవడం నుంచి. రేకు, అద్దం, అద్దం దించే చక్రం, అంతే. గుద్దితే ఆపే కడ్డీ లేదు, ఎయిర్‌బ్యాగు లేదు.

మిర్చీబజ్జీ

అంటే సన్నగా ఉండాలంటే లోపల ఏమీ ఉండకూడదు. డైటీషియన్ కూడా ఇదే చెప్పింది.

నల్లమల_చుక్క

ఇన్ని రోజులు చదువుతున్నా, రాయలేదు. మొదటి పోస్టు.

మా మేనమామ 1993లో పోయాడు. ఏ కారో చెప్పను, అప్పటి కారే. పెద్ద వేగం కూడా కాదు, చెట్టుకి తగిలింది. కారుకి పెద్దగా ఏమీ కాలేదు. బంపరు వంగింది, గ్రిల్ పోయింది. అందరూ "ఆ కాలం ఇనుము, ఎంత గట్టిదో చూడు" అన్నారు. స్టీరింగ్ కడ్డీ ఆయన ఛాతీకి తగిలింది. బెల్టు లేదు. ఆ కారుని బాగుచేసి వేరేవాళ్లు ఇంకో పదేళ్లు తిప్పారు, మా ఊరి మీదుగానే. చాలా అందమైన కారు. నేను దాన్ని చూస్తే తల తిప్పుకునేదాన్ని.

గుద్దుడుగారూ, మీరు బొమ్మల్ని పాడుచేస్తూనే ఉండండి.

గుద్దుడు_ఇంజనీరు

🙏

డల్లాస్_బాబాయ్

పై పోస్టు తర్వాత రాయడం కష్టంగా ఉంది. అయినా అమెరికా కథ ఒకటి చెప్తాను, లైట్ల గురించి.

రాజుగారు గుండ్రటి లైటు అందరికీ ఒకటే అన్నారు. ఇక్కడ అది చట్టం! 1940 నుంచి కార్లకి ఏడంగుళాల గుండ్రటి సీల్డ్ బీమ్ (గ్లాసూ బల్బూ కలిపి ఒకే ముక్కగా వచ్చే లైటు) పెట్టాలని నిబంధన. తర్వాత నాలుగు చిన్నవి, ఇంకొన్నాళ్లకి నలుచదరపువి ఒప్పుకున్నారు గానీ, ఇష్టమొచ్చిన ఆకారం గీసుకునే వీలు 1983లో గానీ రాలేదు. యూరప్ కార్లు ఇక్కడికొచ్చేటప్పుడు వాటి సొంత లైట్లు పీకి ఇవి బిగించేవాళ్లు. అంటే మనం అందం అందం అంటున్న ఆ పాత మొహాలన్నిటికీ కళ్లు ఒకే కొట్లో కొన్నవే. ఓరుగల్లు తమ్ముడు ఇప్పటి కార్లన్నీ ఒకలాగే ఉన్నాయన్నాడు, అప్పుడూ కళ్లన్నీ ఒకటే కదా? కానీ ఒకలాంటి కళ్లతో తలో మొహం గీశారు వాళ్లు. ఇప్పుడు ఎవరి కళ్లు వాళ్లవే, మొహాలన్నీ ఒకటైపోయాయి.

ఇక ఇక్కడి పికప్ ట్రక్కులు మీరు చూడాలి. బానెట్టు నా ఛాతీ దాకా వస్తుంది. పక్కింటివాడు రోజూ అందులో ఒక్కడే వెళ్లి ఒక కాఫీ తెచ్చుకుంటాడు.

ఓరుగల్లు_పోరడు

బాబాయ్, కళ్ల ముచ్చట మంచిగ చెప్పినవ్. ఒప్పుకుంటున్న.

గ్రిల్ ఇంకింత పెద్దగ చేస్తే సుధా కార్స్ మ్యూజియంల పెట్టొచ్చు. ఆడ బర్గర్ కారుంది, క్రికెట్ బ్యాటు కారుంది. జల్లెడ కారొక్కటి తక్కువైంది.

కోనసీమ_కొబ్బరి

బయటి మొహం సరే, లోపలి టీవీ గురించి ఎవరూ అనరేంటండీ? మా కొత్త కారులో ఏసీ గాలి తగ్గించాలంటే తెర మీద మూడుసార్లు నొక్కాలి. రావులపాలెం బ్రిడ్జి మీద గాలి తగ్గిద్దామని నొక్కితే గతుకులో వేలు జారి మా అత్తగారికి ఫోన్ వెళ్లింది. ఆవిడ ఎత్తేశారు కూడానూ. పాతదాంట్లో మీట ఎడమకి లాగితే తగ్గేది, కుడికి లాగితే పెరిగేది. కళ్లు రోడ్డు మీదే.

గుద్దుడు_ఇంజనీరు

కొబ్బరిగారూ, మీ బాధ యూరప్ దాకా చేరింది. 2026 నుంచి యూరో ఎన్‌క్యాప్‌లో పూర్తి మార్కులు కావాలంటే ఇండికేటరు, హారను, వైపరు లాంటివాటికి చేత్తో తడిమి పట్టుకునే మీటలు ఉండాలి. ఏసీ ఆ జాబితాలో లేదు. అత్తగారి విషయంలో వాళ్లేమీ చేయలేరు.

లెక్కల_మాస్టారు

నల్లమల చుక్క అమ్మా, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నా మొదటి పోస్టులో పెళ్లికూతురు వేళాకోళాలు చేసినదానికంటే అసలు చెప్పాల్సింది అది.

తెనాలి_వాసు

నేనూ అంతే. చర్చ ఎక్కడో మొదలైంది, ఎక్కడికో వెళ్లింది.

అప్‌డేట్: హెడ్‌లైటు ఇన్సూరెన్సులో మారుస్తున్నారు. నా జేబులోంచి నాలుగు వేలు. అది అయిపోయింది.

పద్మిని విషయానికొస్తే, నాన్నగారికి ఫోన్ చేసి దాన్ని మళ్లీ తిప్పుదామా అన్నాను. "దేనికి, నీ కారులో ఏసీ బాగానే ఉందిగా" అన్నారు. రెండు నిమిషాలాగి ఆయనే ఫోన్ చేసి "తాళం దేవుడి గదిలో అల్మరాలో ఉంది" అన్నారు. దీన్ని వింటేజి కింద రిజిస్టర్ చేయించొచ్చా? ఎవరికైనా తెలుసా?

స్టెప్నీ

2021 జులైలో కేంద్రం వింటేజికి వేరే నిబంధన తెచ్చింది. నంబర్లో "వీఏ" అని వస్తుంది, ఫీజు 20 వేలు. కానీ బండికి 50 ఏళ్లు నిండాలి. మీది 86 మోడల్, ఇంకా పదేళ్లు ఆగాలి. పైగా వింటేజి నంబరుతో రోజువారీ తిప్పకూడదు. మీరు మామూలు రిజిస్ట్రేషనే ఐదేళ్లకి పొడిగించుకోవాలి. 20 ఏళ్లు దాటిన కారుకి దాని ఫీజు నిరుడు ఆగస్టులో 10 వేలు చేశారు. ఫిట్‌నెస్ ముందు చేయించుకోండి.

(అవును, నాకు జోకులు కాకుండా వేరేవి కూడా వచ్చు.)

ఆటోనగర్_రాజు

వాసుగారూ, తాళం దొరికింది కదాని సెల్ఫ్ కొట్టకండి. తొమ్మిదేళ్లు ఆగిన బండి. ముందు ట్యాంకులో పాత పెట్రోలు దింపించండి. ప్లగ్గులు విప్పి నాలుగింటిలో నాలుగు చుక్కల ఆయిల్ వేసి, ఒక రోజు వదిలేసి, ఇంజన్‌ని చేత్తో తిప్పి చూడాలి. పెట్రోలు పైపులు రబ్బరువి అన్నీ మార్చాలి, ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం, పాత రబ్బరు నిలవదు. తివాచీ ఎత్తి డ్రైవరు కాళ్ల దగ్గర రేకు బొటనవేలితో నొక్కండి. వేలు దిగితే ఫోటో పెట్టండి, నొక్కడం ఆపేయండి.

తెనాలి_వాసు

నొక్కాను. డ్రైవరు వైపు గట్టిగానే ఉంది. ఎడమవైపు వేలు దిగింది. రెండు వేళ్లు.

బానెట్టు కింద ఎలుక కాపురం పెట్టింది, పత్తి, కొబ్బరి పీచు, మా చెల్లి పదో తరగతి హాల్ టికెట్టు ముక్క. అది ఆ రోజుల్లో పోయిందని ఇల్లంతా వెతికి ఏడ్చింది.

శనివారం తాడు కట్టి మీ దగ్గరికి లాక్కొచ్చేదా?

ఆటోనగర్_రాజు

తాడు వద్దు. బ్రేకులు పట్టేసి ఉంటాయి, దుగ్గిరాల దాటకముందే పొగ లేస్తుంది. డీసీఎం వ్యాను మాట్లాడుకోండి. ఆ ఎడమవైపు రేకు కొత్తది కోసి వెల్డింగ్ చేద్దాం, ఈసారి మా నాన్న కూడా షెడ్డుకొస్తానన్నాడు, పద్మిని అని చెప్పాను.

శనివారం ఒంటిగంట నుంచి మూడింటిదాకా మాత్రం రావద్దు. ఆయన పడుకుంటాడు.